మేనత్తగా వెళ్ళనా, గవర్నమెంటు మనిషిగా వెళ్ళనా?

గుంటూరు నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, ఊరి పేరు కూడా వద్దన్నారు. ఆనవాళ్ళు తెలియకుండా సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 38 ఏళ్ళు. పట్టణంలో ఒక వార్డు సచివాలయంలో మహిళా పోలీస్‌గా పనిచేస్తున్నారు. పుట్టిల్లు ప్రత్తిపాడు వైపు పల్లె. నాన్న పోయాక అన్నయ్యే పెద్దదిక్కు. సొంతం ఎకరంన్నర, కౌలు నాలుగెకరాలు, అంతా మిర్చే. నల్ల తామర పురుగు పడిన ఏడు చేసిన అప్పు ఇంకా తీరలేదు. నాన్న పొలంలో తన వాటాను అన్నయ్యకే వదిలేస్తూ ఈమె ఏనాడో సంతకం పెట్టేశారు. అన్నయ్య కూతురికి ఇప్పుడు 17 ఏళ్ళ 2 నెలలు. రోజూ బస్సులో గుంటూరు వచ్చి ఇంటర్ రెండో ఏడు చదువుకుంటోంది. మాఘంలో ఆ పిల్లకు పెళ్ళి ఖాయం చేశారు. వరుడు పరాయివాడేం కాదు, వదిన తమ్ముడే. 27 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం, కట్నం వద్దన్నాడు. పైగా పిల్ల ఎవరో అబ్బాయితో ఫోన్లో మాట్లాడుతోందని ఊళ్ళో ఎవరో అన్నయ్య చెవిన వేశారు. అప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈమె అడ్డుచెప్పారు. అన్నయ్య కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని, "ఈ ఇంటికి ఆడపడుచుగా వచ్చావా, గవర్నమెంటు మనిషిగా వచ్చావా? ముందు అది తేల్చుకో. పది నెలల తేడాకు ఇంత రాద్ధాంతమా?" అన్నాడట. తిరుగు ప్రయాణంలో పిల్ల సంచి పట్టుకుని బస్సు దాకా వచ్చి రెండే మాటలు చెప్పింది: "అత్తా, పరీక్షలు రాయనిస్తే చాలు. నాన్నను మాత్రం స్టేషన్‌కు పంపొద్దు."

భర్త జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతారు. ఆయన మాట: "లాఠీతో సమాజం మారదు. ప్రభుత్వాన్ని ఒకసారి ఇంట్లోకి రానిస్తే మళ్ళీ బయటికి పంపలేం. నిన్న 18 అన్నారు, రేపు 21 అంటారు. మనిషి మనసు మారేదాకా ఓపిక పట్టాలి." తోటి ఉద్యోగిని మాట: "నీ చేతిలో చట్టం ఉంది. ఒక్క ఫోన్ చెయ్, అయిపోతుంది." ఈమెను ఎటూ తేల్చుకోనివ్వనిది నిరుడు తన వార్డులో జరిగిన పెళ్ళి. ఆ భాగం ఆమె మాటల్లోనే:

"మేం వెళ్ళేసరికి పందిట్లో వడ్డన మొదలైంది. పెళ్ళికూతురికి 15 ఏళ్ళు. చేతులకు గోరింటాకు, కాళ్ళకు పసుపు. జీపు ఎక్కించాం. దారి పొడుగునా ఆ పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు, కాలి గోళ్ళ పసుపు గీక్కుంటూ కూర్చుంది. తల్లిదండ్రులతో కాగితం రాయించుకుని సాయంత్రానికి ఇంటికి పంపేశారు. మూడు నెలలకు వేరే జిల్లాలో ఏదో గుడిలో పెళ్ళి చేసేశారని తెలిసింది. బడి అంతకు ముందే మాన్పించేశారు. నేను కాపాడానా, చెడగొట్టానా?"

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బెజవాడ కోర్టులో ఏళ్ళ తరబడి కుటుంబ కేసులు చూసినదాన్ని, అయినా ఆ కాలి గోళ్ళ పసుపు దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. అందుకే మీ మేనకోడలి కంటే ముందు ఆ పిల్ల గురించి మాట్లాడతాను.

ఆ రోజు మీరు చేసింది తప్పు కాదు. కానీ ప్రభుత్వం ఆ ఇంటికి వెళ్ళింది ఒక్క పూటకే. పెళ్ళి ఆగితే పని పూర్తయినట్టు జీపు వెనక్కి తిరిగింది. ఆ రాత్రి ఆ పిల్ల ఎవరి పక్కన పడుకుంది? పందిరి ఖర్చు, ఊళ్ళో పోయిన పరువు ఎవరి మీద విరుచుకుపడ్డాయి? మర్నాడు బడికి వెళ్ళిందా లేదా అని ఎవరైనా చూశారా? చట్టం పెళ్ళిని ఆపగలిగింది. ఆపిన తర్వాత ఆ పిల్లకు నిలబడే చోటు మాత్రం ఎవరూ చూపించలేదు. మీరు ఇప్పుడు తీసుకునే నిర్ణయమంతా ఈ చోటు చుట్టూనే తిరగాలని నా నమ్మకం.

ఇక మీవారి వాదన. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కొట్టిపారేయకండి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. మన తెలుగునాట వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే పాతికేళ్ళు ఆ చట్టం పుస్తకంలోనే పడుకుంది. దాన్ని నిద్ర లేపడానికి ఒక పంతులుగారు వెలికి సిద్ధపడాల్సి వచ్చింది, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు తన డబ్బు ఇవ్వాల్సి వచ్చింది, అన్నిటికన్నా ముందు ఒక ఆడపిల్ల ఊరంతా చూస్తుండగా పీటల మీద కూర్చోవాల్సి వచ్చింది.

1929 నాటి శారదా చట్టం కథ ఇంకా చిత్రం. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండితే గానీ పెళ్ళి చేయకూడదన్నారు. 1930 ఏప్రిల్ నుంచి అమలు అనగానే ఆ లోపే దేశమంతా పసిపిల్లల పెళ్ళిళ్ళు తోసుకుంటూ జరిపించేశారు. ఆ తర్వాత మన గోదావరి జిల్లాల వాళ్ళకు యానాం దొరికింది. అది ఫ్రెంచివాళ్ళది, అక్కడ బ్రిటిషు చట్టం చెల్లదు. పెళ్ళివారు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళిపోయేవారు. యానానికి కళ్యాణపురమని పేరు వచ్చింది అందుకే. మా అమ్మమ్మ పెళ్ళి అక్కడే అయింది, తొమ్మిదో ఏట. పడవ దిగేటప్పుడు కొత్త పట్టు పరికిణీ అంచు తడిసిందని ఏడ్చిందట. పెళ్ళి గురించి ఆవిడకు గుర్తున్నది అంతే. నేను లా చదువుతానన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు ఒప్పుకున్నదీ ఆవిడే.

నిరుడు మీ వార్డు పిల్లను తీసుకెళ్ళిన గుడి ఆ కుటుంబానికి యానాం. మీవారు చెప్పే సగం ఇదే. మనసు ఒప్పుకోని చోట చట్టం ముందు గుమ్మంలో నిలబడితే, మనుషులు పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోతారు.

కానీ ఆయనను ఒక్క ప్రశ్న అడగండి. ఎవరి స్వేచ్ఛ? మీ అన్నయ్య తన పొలంలో మిర్చి వేయాలా పత్తి వేయాలా అన్నది ఆయన ఇష్టం. కూతురి మెడలో ఎప్పుడు తాళి పడాలన్నది కూడా అలాంటి ఇష్టమేనా? ఆ ఇంట్లో ఆ పిల్లకు ఓటు లేదు, అప్పీలు లేదు, కంచం ముందు నుంచి విసురుగా లేచిపోయే హక్కు కూడా లేదు. ఇంటి పెద్ద మాట కూడా ఒక ప్రభుత్వమే, అమ్మా. ఢిల్లీ ప్రభుత్వాన్ని, అమరావతి ప్రభుత్వాన్ని ఐదేళ్ళకోసారి మార్చుకోవచ్చు, ఈ ప్రభుత్వాన్ని మార్చడానికి ఆ పిల్లకు దారే లేదు. వ్యక్తి స్వేచ్ఛ మీద మీవారికి నిజంగా అంత గౌరవం ఉంటే, ఆ ఇంట్లో అందరికంటే తక్కువ స్వేచ్ఛ ఉన్న వ్యక్తి పక్కన నిలబడాలి.

21 ఏళ్ళ మాటలో మాత్రం నేను ఆయనతోనే ఉన్నాను. ఆడపిల్లల పెళ్ళి వయసును 21కి పెంచుతామని 2021 డిసెంబరులో పార్లమెంటులో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాకపోవడమే మంచిదనుకుంటాను. ఓటు వేయగలిగిన మనిషికి, ఆస్తి అమ్ముకోగలిగిన మనిషికి నువ్వు పెళ్ళి చేసుకోకూడదని చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉండకూడదు. ఇద్దరు మేజర్లు ఒకరినొకరు ఎంచుకుంటే అడ్డుపడే హక్కు ఇంటికీ ఊరికీ లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి నవంబరులో మీ మేనకోడలికి 18 నిండాక, నేను మావయ్యనే చేసుకుంటాను అని ఆమె మనసారా అంటే మీకు నచ్చకపోయినా అక్షింతలు వేసి రావాల్సిందే. అప్పుడు మీరు అడ్డుపడితే, ఇవాళ మీ అన్నయ్య చేస్తున్న తప్పే మీరూ చేసినట్టు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది ఏమీ చేయకపోవడం. పుట్టింటి గుమ్మం తెరిచే ఉంటుంది. వాటా వదులుకుని మీరు కొనుక్కున్నది ఆ గుమ్మాన్నే అని ఉత్తరం చదువుతున్నంతసేపూ అనిపించింది. కూతుళ్ళకూ సమాన హక్కు అని మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అయినా మన ఆడవాళ్ళు అన్నదమ్ముల మొహం చూసి సంతకాలు పెడుతూనే ఉన్నారు. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈసారి ఆ గుమ్మం కోసం మీరు వదులుకోవాల్సింది మీ వాటా కాదు, ఆ పిల్ల వాటా. దాని మీద సంతకం పెట్టే హక్కు మీకు లేదు. పైగా బాల్య వివాహమని తెలిసి హాజరైనా 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరమే. మీ ఉద్యోగానికి అది ఎంత ముప్పో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండోది, మీ తోటి ఉద్యోగిని చెప్పిన ఫోన్. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేస్తే వస్తారు, పెళ్ళి ఆగుతుంది. పెళ్ళి రోజున చేస్తే మాత్రం నిరుటి కథే మళ్ళీ. అన్నయ్య మీద కేసు పడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడవచ్చు, అది బెయిలు హక్కుగా దొరకని నేరం. ఆడవాళ్ళకు ఈ చట్టం కింద జైలు లేదు కాబట్టి వదిన బయటే ఉంటుంది, జైలు భయం మీ అన్నయ్యకే. పిల్ల భయపడింది సరిగ్గా దీనికే. నాన్న నా వల్ల జైలుకెళ్ళాడన్న బరువు 17 ఏళ్ళ పిల్ల భుజం మీద వేస్తే, ఆగిన పెళ్ళికి తనే ముందుకొచ్చి తల వంచుతుంది. అలా తల వంచిన పిల్లల్ని కోర్టు వరండాలో చూశాను.

ఈ దారిలోనే పెద్దగా ఎవరూ వాడని ఒక మెట్టు ఉంది. పెళ్ళికి ముందే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర నిషేధ ఉత్తర్వు తీసుకోవచ్చు. అది శిక్ష కాదు, ఎవరినీ అరెస్టు చేయడం కాదు. ఈ పెళ్ళి జరపకూడదని ఆదేశం, అంతే. దాన్ని మీరి చేస్తే ఆ పెళ్ళి మొదటి నుంచీ చెల్లదు, ఏ జిల్లాలో ఏ గుడిలో చేసినా సరే. ఉత్తర్వు లేకుండా జరిగిన పెళ్ళి అలా కాదు. అది చట్టం దృష్టిలో నిలిచే ఉంటుంది, పిల్ల తనంతట తాను కోర్టుకు వెళ్ళి రద్దు చేయించుకోవాలి, 20 ఏళ్ళు నిండేలోపు. పుట్టింటినీ అత్తింటినీ ఒకేసారి ఎదిరించి ఎంతమంది వెళ్ళగలరు? మీ మేనకోడలి విషయంలో పుట్టిల్లూ అత్తిల్లూ ఒక్కటే కదా. అందుకని ఆపాల్సి వస్తే పందిరి పడకముందే ఆపాలి. పని మీ చేతుల మీదుగా కాకుండా ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు చూసే స్త్రీ శిశు సంక్షేమ విభాగం) అధికారుల ద్వారా, బాలల సంక్షేమ సమితి ద్వారా జరగాలి. మీ ఇంటి విషయం మీరే విచారించకూడదు. అది అన్నయ్యకూ న్యాయం కాదు, మీ ఉద్యోగానికీ మంచిది కాదు.

మూడో దారి అన్నయ్య ప్రశ్నకు జవాబుతో మొదలవుతుంది. మేనత్తగానే వచ్చాను అని చెప్పండి. అప్పుడు మేనత్త చేయగలిగింది చేయాలి. పిల్లను పరీక్షలు అయ్యేదాకా మీ ఇంట్లో పెట్టుకుంటానని అడగండి. రోజూ బస్సు ప్రయాణం తప్పుతుంది, చదువుకు టైం దొరుకుతుంది. ఇది అన్నయ్య పరువు పోకుండా ఊళ్ళో చెప్పుకోగలిగిన మాట. ఫోన్లో అబ్బాయి సంగతా? దాని గురించి పిల్లను దొంగను నిలదీసినట్టు అడగకండి. అలాంటి అబ్బాయి ఉన్నాడో లేడో గానీ, అన్నయ్య భయం మాత్రం నిజం. ఆ భయానికి ఆయన దగ్గరున్న మందు పెళ్ళి ఒక్కటే. నా కళ్ళ ముందు ఉంటుంది అన్నయ్యా, నాదీ పూచీ అని మీరు అనగలిగితే ఇంకో మందు చూపించినట్టు. దీనికి ఖర్చు ఉంది. మీ ఇంట్లో ఇంకో పళ్ళెం, ఇంకో పక్క, రేపు ఏదైనా తేడా వస్తే వచ్చే మాట. మీవారు కూడా ఒప్పుకోవాలి. మనిషి మారేదాకా ఓపిక పట్టాలన్నది ఆయనే కదా, ఆ ఓపిక ఆయన ఇంట్లోంచే మొదలవ్వాలి.

వదినతో విడిగా కూర్చోండి. ఆమెకు ఎవరూ చెప్పి ఉండని విషయం ఒకటుంది. భార్య అయినా సరే, 18 నిండని పిల్లతో కాపురం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పిల్ల నెల తప్పి ఆసుపత్రికి వెళితే వయసు చూసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసులో 10 ఏళ్ళకు తక్కువ శిక్ష ఉండదు. పడేది ఎవరి మీద? ఆమె తమ్ముడి మీద. దీన్ని బెదిరింపులా చెప్పకండి, ఆమె తోడబుట్టినవాడి బతుకు గురించి చెబుతున్నట్టు చెప్పండి. ఆ మాటలో అబద్ధం లేదు. పది నెలల తేడాకు రాద్ధాంతం ఎందుకన్న అన్నయ్యకూ ఇదే జవాబు.

మూడో దారిలో ప్రమాదం కూడా చెప్పాలి. మీరు బతిమాలుతూ కూర్చున్న వారంలోనే ముహూర్తం ముందుకు జరపవచ్చు, పిల్లను వదిన పుట్టింటికి పంపేయవచ్చు. అందుకే మీ మనసులో ఒక తేదీ పెట్టుకోండి. మాఘం మొదలయ్యేలోపు పిల్ల మీ ఇంటికి రాకపోయినా, లగ్నపత్రిక రాసుకున్నారని తెలిసినా, రెండో దారి పట్టక తప్పదు. ఆ తేదీ సంగతి అన్నయ్యకు ముందే చెబుతారా లేదా అన్నది ఆయన స్వభావం తెలిసిన మీరే తేల్చాలి. చెబితే నిజాయితీగా ఉంటుంది, కానీ ఆయనకు యానాం వెతుక్కునే టైం కూడా దొరుకుతుంది. నేనైతే వదినకు చెబుతాను, అన్నయ్యకు చెప్పను. నా ఆలోచన తప్పు కూడా కావచ్చు.

మీ గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టారు. ఆడవాళ్ళకు చదువు, చేతిపని, ఉండటానికి నీడ. వితంతువుల కోసం చట్టం అప్పటికి చాలా ఏళ్ళుగా ఉంది. వాళ్ళు దానికి ఒక ఇల్లు కట్టారు. ప్రభుత్వానిదీ మనిషిదీ ఎవరి పని ఏదని మీవారితో వాదన మళ్ళీ వస్తే ఈ సంగతి చెప్పండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళినదీ చెప్పండి. వాళ్ళను ఏ ప్రభుత్వమూ పంపలేదు, వాళ్ళు కదిలాకే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దాని వెనకే ఎన్నికల హామీగా 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లోనే సడలిపోయింది.

మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయిందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశం మొత్తం మీద అది 23 శాతం. ఉద్యోగంలో మీకు ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎదురవుతాయి. నిరుటి పిల్ల ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది. వీలు చూసుకుని ఒకసారి వెళ్ళండి, యూనిఫాం లేకుండా. ఆమెకు 18 రావడానికి ఇంకా టైం ఉంది, రద్దు అడగడానికి ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఉంది. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు ఉన్నారో లేదో.

ఈ ఆదివారం ఊరికి వెళుతున్నానని రాశారు. అన్నయ్యతో మాట్లాడే ముందు పిల్లతో ఒంటరిగా పది నిమిషాలు గడపండి. పరీక్షలు రాయనిస్తే చాలు అన్నది, అంతకుమించి అడగడానికి ధైర్యం చాలక అన్నదేమో కనుక్కోండి. నాన్నను స్టేషన్‌కు పంపని దారి కూడా ఉందని ఆమెకు చెప్పండి. మీరు చేయబోయేది ఏదైనా ఆమెకు తెలియకుండా చేయకండి. పదో తరగతి సర్టిఫికెట్ బీరువాలో ఉందో, కాలేజీలో ఇచ్చేశారో అడగండి. పుట్టిన తేదీకి మేజిస్ట్రేటు ముందు పనికొచ్చేది అదే. ఇంట్లో ఉంటే జిరాక్సు ఒకటి తీయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.